టెంకాయ చిప్ప దగ్గర వడ్రంగి పిట్ట దౌర్జన్యం

కడప_పెరడు:
వేపకొమ్మకు టెంకాయ చిప్ప కట్టి శెనక్కాయ విత్తనాలు, బొప్పాయి ముక్కలు పెడుతున్నాం. వారంగా బంగారు వీపు, ఎర్ర జుట్టు ఉన్న వడ్రంగి పిట్ట దిగుతోంది. గోరింకల్ని, పిగిలిపిట్టల్ని దగ్గరికి రానివ్వదు. ఏ జాతి? ఆడదా, మగదా?

సీమ_పక్షులు:
ఎగిరేటప్పుడు నడుము నల్లగా, గొంతు నలుపు మీద తెల్లచారలతో ఉంటే డైనోపియం బెంఘాలెన్సే (శాస్త్రీయ నామం) అనే జాతి. 26–29 సెం.మీ. ఉంటుంది, ఊళ్లలోకి వచ్చేది ఎక్కువగా ఇదే. మెడ వెనక నుంచి వీపు పైదాకా తెల్లగా ఉంటే వేరే జాతి. నుదుటి నుంచి జుట్టంతా ఎరుపైతే మగది. నుదురు నల్లగా, తెల్లచుక్కలతో ఉండి వెనక మాత్రమే ఎరుపుంటే ఆడది.

తుమ్మమొద్దు:
తిండంతా ఒకే చిప్పలో ఉంటే కాపలా కాయడం దానికి సులువు. తప్పు పిట్టది కాదు, చిప్పది.

ఇది నిటారుగా ఎక్కి, గట్టి తోక ఈకల్ని ఆనించుకుని తినే పక్షి. రెండడుగుల ఎండు వేపమొద్దు, బెరడు తీయకుండా, మోచేతి లావుది తీసుకోండి. 25 ఎం.ఎం. బిట్టుతో మూడు సెం.మీ. లోతున ఐదారు రంధ్రాలు వేయించండి (వడ్రంగి పిట్టకు వడ్రంగి చేతే పని!). చివరి రంధ్రం కింద జానెడు మొద్దు ఖాళీగా వదలాలి, లేకపోతే తోకకు ఆనిక దొరకదు. రంధ్రాల దగ్గర పుల్లలు గుచ్చొద్దు, గోరింకలు వాటిమీదే కూర్చుంటాయి. ఉప్పు లేని పచ్చి శెనక్కాయ విత్తనాలు కచ్చాపచ్చాగా దంచి రంధ్రాల్లో కూరి, మొద్దును నిటారుగా కట్టండి.

గోరింకలకు రెండు పళ్లేలు, మొద్దుకు ఐదారు మీటర్ల దూరంలో, మాను అడ్డం వచ్చేలా పెట్టండి. మన ఎండలకు దంచిన విత్తనాలు చిక్కువాసన కొడతాయి. పొద్దున తొమ్మిదికల్లా అయిపోయేంతే పెట్టండి. బూజు పట్టినవి వద్దు, విషం. చీమలు పట్టాయని మందు చల్లకండి, చీమలే దాని అసలు తిండి!

సీమ_పక్షులు:
ఒక మాట. పావుగంట కూర్చుని రాసుకోండి: జుట్టు నిక్కబొడిచి, రెక్కలు విప్పి మీదికి ఉరికిందా, లేక అది వాలగానే గోరింకలే లేచిపోయాయా? రెండోది దౌర్జన్యం కాదు. ఫిబ్రవరి–జులై మధ్య ఉరుకుతుంటే దగ్గర్లో గూటి తొర్ర ఉందేమో చూడండి. సుమారు 11 రోజుల పొదుగు, ఆపైన 20 రోజులకు పిల్లలు ఎగిరిపోతాయి. అందాకా పళ్లేలు ఇంకా దూరం జరపండి.

కడప_పెరడు:
నుదుటిమీద తెల్లచుక్కలున్నాయి, ఆడదే. తొర్ర వెతుకుతాం.