తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం వస్తున్నాం, ఏం తేవాలి? ఏ పని చేయాలి?

కూకట్‌పల్లి_మిత్రులు:
అందరికీ నమస్తే. మేం ఒకే ఆఫీసులో పనిచేసే ఎనిమిది మందిమి. దీపావళి సెలవుకి ఇంకొన్ని రోజులు కలుపుకుని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రావాలనుకుంటున్నాం. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో పలాసకి టికెట్లు తీసుకున్నాం. బట్టలు, దుప్పట్లు సేకరిస్తుంటే ఒక గది నిండిపోయింది. కొంత డబ్బు కూడా పోగైంది. తుపాను 2018 అక్టోబరు 11న తీరం దాటింది. ఇప్పటికీ బియ్యం, నీళ్లే అవసరమా, లేక ఇళ్ల దగ్గర పనికి మనుషులు కావాలా? మాకు తాపీ పని, వడ్రంగం రావు. బరువులు మోస్తాం, చెప్పిన పని చేస్తాం. అక్కడివాళ్లు చెప్తే దాన్నిబట్టి సర్దుకుంటాం.

గాజువాక_అక్క:
తమ్ముడూ, ముందు బట్టల సేకరణ ఆపేయండి. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధికి వచ్చిన పాత బట్టల మూటలు వానకి తడిసి అలాగే ఉండిపోయాయి. మాకు కావాల్సింది మాత్రం కొవ్వొత్తులు, టార్పాలిన్లు, మొబైల్ చార్జింగ్. దుప్పట్లు బాగున్నవి ఉంటే తీసుకెళ్లండి, చలికాలం వస్తోంది కదా. మిగతాది ఆ ఊరివాళ్లని అడిగాకే కొనండి.

కవిటి_రైతుబిడ్డ:
మాది కవిటి మండలం. వస్తామన్నందుకు చాలా సంతోషం అండి. బియ్యం, పప్పులు మా వైపు ఊళ్లకి బాగానే అందాయి. ఇప్పుడు మా కష్టమంతా తోటల్లో ఉంది. కొబ్బరి, జీడి, పనస, ఏది చూసినా నేలమీదే. చెట్లు ఒకదానిమీద ఒకటి పడి, సొంత తోటలోకి నడిచి వెళ్లడానికే దారి లేదు. ఇంటి రేకులు పోతే అప్పోసప్పో చేసి వేసుకుంటాం. కొబ్బరి మొక్క ఇవాళ పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ఆసుపత్రి ఖర్చులు అన్నీ ఆ కాయలమీదే నడిచేవి.

అందుకని మీ డబ్బుతో చెట్లు కోసే మిషన్లు అద్దెకి తెప్పించండి. అదనపు చెయిన్లు తప్పకుండా ఉండాలి. కొబ్బరి పీచుకి, మా ఇసుకకి పదును త్వరగా పోతుంది. కోత మాత్రం మీరు చేయకండి. ఒకదానిమీద ఒకటి ఆని ఉన్న మాను కోస్తే ఎటు ఎగురుతుందో తెలియదు. దింపు తీసేవాళ్లు (చెట్టెక్కి కాయలు దించేవాళ్లు), కాయలు ఒలిచేవాళ్లు, జీడి పిక్కల పనికెళ్లేవాళ్లు మా ఊళ్లో పనిలేక కూర్చున్నారు. చెట్టుకిచ్చే పరిహారం చెట్టున్నవాళ్లకి వస్తుంది, వీళ్లకి రాదు. కోత పని వాళ్లకిచ్చి రోజు కూలి కట్టండి. దుంగలు గట్టుకి చేర్చడం, మట్టలు ఏరడం మీరు చేయవచ్చు. నాకు తెలిసి ఇంతకంటే మంచి సాయం లేదు.

ఒక్కటి మరీ ముఖ్యం. ఏ తోటలోనైనా పరిహారం కోసం అధికారులు పడిన చెట్ల లెక్క రాసుకెళ్లారో లేదో రైతుని అడిగాకే మిషన్ ఆన్ చేయండి. రాయకముందే దుంగలు తీసేస్తే ఆ చెట్టు పడినట్టు ఆధారం ఉండదు. అలాంటిచోట ముందు మొత్తం ఫొటోలు తీసి రైతు ఫోన్‌కి పంపండి. ముసలివాళ్లకి ఇదే పెద్ద టెన్షన్.

కూకట్‌పల్లి_మిత్రులు:
అన్నా, చాలా థాంక్స్. ఒక సందేహం. మానులు పడినచోటే వదిలేసి మధ్యలో కొత్త మొక్కలు పెట్టుకోకూడదా? ఆ డబ్బుతో మొక్కలే కొనిపెడదామని మావాళ్లు కొందరు అంటున్నారు.

కవిటి_రైతుబిడ్డ:
వదిలేయకూడదండి. కుళ్లిన కొబ్బరి మానులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. పురుగు పెద్దదై, నిలబడి ఉన్న చెట్ల మొవ్వు (నడితలలోని లేత చిగురు) తొలిచేస్తుంది. లేత మొక్కకైతే మొవ్వు పోతే ఇక అంతే. దెబ్బతిని కారుతున్న చెట్లకి ఎర్రముక్కు పురుగు కూడా పడుతుంది. తుపాను వదిలిన నాలుగు చెట్లనీ పురుగుకి ఇచ్చుకోలేం కదా. ముందు మానులు బయటికి పోవాలి.

మొక్కలు ఇప్పుడు కొనకండి. వేసవిలో మీటరు లోతు గోతులు తవ్వి ఆరనిచ్చి, జూన్ వానలకి నాటితే బాగా పట్టుకుంటాయి. ఆ తవ్వకానికి మళ్లీ రాగలిగితే రండి. నాటాక కూడా మొదటి రెండు వేసవులూ నీళ్లు పోసే మనిషి కావాలి.

గాజువాక_అక్క:
ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కదా. డయాలసిస్‌కి వెళ్లేవాళ్ల పరిస్థితి ఏంటి?

కవిటి_రైతుబిడ్డ:
బాగా అడిగారు అక్కా. వాళ్లు వారానికి రెండు మూడుసార్లు సోంపేటకో పలాసకో వెళ్లాల్సిందే. పని పోయిన ఇంట్లో ఆటో కిరాయి కూడా బరువే. తమ్ముళ్లూ, మీరు ఏదైనా బండి మాట్లాడుకుంటే పొద్దున్న వాళ్లని దింపి, తర్వాత తోటలోకి రండి. కరెంటు సరిగ్గా లేని ఊళ్లో ఫిల్టర్ నీళ్ల ప్లాంటు ఆగిపోతుంది, అప్పుడు మళ్లీ బోరు నీళ్లే గతి. ఒక జనరేటరు అద్దెకి దొరికితే మిషన్ల తర్వాత దానికే ఖర్చుపెట్టండి.

పడుకోవడానికి మా ఊరి బడి వరండా అడుగుతాను. బూట్లు, చేతి గ్లౌజులు, టార్చిలైట్లు తెచ్చుకోండి. మట్టల కింద పాములుంటాయి. భోజనం మా ఇంట్లోనే.

కూకట్‌పల్లి_మిత్రులు:
బట్టలు ఆపేశాం అన్నా. మిషన్లు పలాసలో అద్దెకి దొరుకుతాయా, విశాఖ నుంచి తేవాలా?

కవిటి_రైతుబిడ్డ:
పలాసలో ఉన్నవన్నీ ఇప్పటికే పనిలో ఉన్నాయి. విశాఖలోనే మాట్లాడండి. చెయిన్లు అక్కడే కొనేయండి.