పాత జిప్సీకి ఆదివారాల పని: ముందు ఏది పట్టుకోవాలి?

రాయగడ_జిప్సీ:

అందరికీ నమస్కారం. మాది రాయగడ. ఈ మధ్యే విజయనగరంలో 2003 మోడల్ మారుతి జిప్సీ కింగ్ ఒకటి కొన్నాను. ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజిన్, గుడ్డ టాపు, నంబరు ఇంకా ఏపీ 35 మీదే ఉంది. ఇంజిన్ గురించి బెంగ లేదు, పొగ రాదు, చలికాలం పొద్దున్న కూడా ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది. మిగతా బండి గురించే అడుగుతున్నాను.

మామయ్య వాళ్ల జీడితోట కాశీపూర్ రోడ్డు నుంచి బాగా లోపలికి ఉంటుంది. వానాకాలం ఆ దారంతా ఎర్రమన్ను బురద, మధ్యలో ఒక గెడ్డ (వాగు) దాటాలి, మామూలు జీపులవాళ్లు ఇవతలే బండి ఆపేసి నడిచిపోతారు. అందుకే ఫోర్ వీల్ బండి కొన్నాను. అది కాక బరంపురంలో అక్కావాళ్లు ఉన్నారు, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తప్తపాణి ఘాట్ మీదుగా వెళ్లి వస్తుంటాం.

ఇప్పుడున్న ఇబ్బందులు చెప్తాను. 60 దగ్గర చిన్న గుంతలో పడినా స్టీరింగ్ రెండు చేతుల్లో గడగడా వణికిపోతుంది, 40కి దింపితే గానీ ఆగదు. బ్రేకు గట్టిగా నొక్కితే బండి ఎడమ పక్కకి లాగుతోంది. ఘాట్ దిగేసరికి పెడల్ మెత్తబడిపోతోంది. ముందు కుడి చక్రం లోపలివైపు, ఇరుసు చివర బంతిలా గుండ్రంగా ఉండే భాగం దగ్గర నల్లటి జిడ్డు కారుతోంది. ఇంకోటి, 4ఎల్‌లో (నాలుగు చక్రాలకీ పవర్, తక్కువ గేరు) వేసి గట్టు ఎక్కిస్తుంటే లివర్ దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది.

నా ఆలోచన: 2 అంగుళాల లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం), 235/75 ఆర్ 15 మడ్ టైర్లు, ముందు బుల్ బార్ (ఇనుప గార్డు), దాని మీద ఎల్ఈడీ బార్, డబ్బు మిగిలితే వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు మోటారు). మొత్తం మీద 90 వేల వరకు పెట్టగలను. నాకు కుదిరేది ఆదివారాలే, ఫ్రెండ్ వాళ్ల షెడ్డు ఉంది, పానాల సెట్టు, జాకీ ఉన్నాయి. ఏది ముందు చేయాలి, ఏది మేం చేసుకోవచ్చు, ఏది మేస్త్రికి ఇవ్వాలి, కాస్త చెప్పండి.

పర్లాకిమిడి_షెడ్డు:

తమ్ముడూ, లిఫ్టూ వించూ రెండూ పక్కన పెట్టేయ్. నువ్వు ఐదు జబ్బులు చెప్పావు కానీ నాకు వాటిలో మూడు ఒకే చోట నుంచి వస్తున్నట్టు అనిపిస్తోంది. అది ఆ కుడి చక్రం దగ్గర బంతే.

జిప్సీ ముందు ఇరుసుకి చివర ఆ బంతి లోపల జాయింట్ ఉంటుంది, దానికి గ్రీజు నింపుతారు. ఇరుసు గొట్టంలో ఉన్న హౌసింగ్ ఆయిల్ ఆ గ్రీజులోకి రాకుండా లోపల ఒక ఆయిల్ సీలు ఆపుతుంది. ఆ సీలు పోతే ఆయిల్ వచ్చి గ్రీజుని పల్చన చేసేస్తుంది, పల్చబడ్డది బయటి సీలు దాటి కారుతుంది. వేలితో తీసి చూడు, గ్రీజులా ముద్దగా ఉంటే బయటి సీలు మాత్రమే పోయినట్టు, నూనెలా జారిపోతుంటే లోపలి సీలు కూడా పోయింది. అదే జిడ్డు కుడి బ్రేకు ప్యాడ్లకి తగిలితే కుడి చక్రం సరిగ్గా పట్టదు, ఎడమది పడుతుంది, అందుకే బండి ఎడమకి లాగుతుంది. ప్యాడ్లు జిడ్డు పట్టాయంటే కడిగి వాడొద్దు, రెండు పక్కలా కొత్తవి వేసెయ్. ప్యాడ్లు పొడిగా ఉంటే మాత్రం కుడి కాలిపర్ (ప్యాడ్లని డిస్కు మీదకి నొక్కేది) పిస్టన్ పట్టేసిందేమో చూడు.

వణుకు కూడా అక్కడిదే కావచ్చు. ఆ బంతికి పైనా కిందా కింగ్ పిన్ బేరింగులు ఉంటాయి, స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకి తిరిగేది వాటి మీదే. ముందు చక్రం గాల్లోకి లేపి, పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి పెట్టి ఊపు. లూజు తెలిస్తే ఫ్రెండుని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపు. బ్రేకు తొక్కగానే లూజు పోయిందంటే అది వీల్ బేరింగ్. తొక్కినా ఊగుతూనే ఉంటే కింగ్ పిన్. తర్వాత చేతులు కుడీ ఎడమలకి మార్చి ఊపు, అప్పుడు కొట్టుకుంటే టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కడ్డీల చివరి కీళ్లు). ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, ముందు ఇది చెయ్యి.

చాలామంది వణుకు అనగానే స్టీరింగ్ డ్యాంపరు మార్చేస్తారు. కొత్త డ్యాంపరు వణుకుని కొన్నాళ్లు అణిచి పెడుతుంది, అంతే. లోపల అరిగిన బేరింగు అరుగుతూనే ఉంటుంది, మళ్లీ వచ్చేసరికి ఇంకా గట్టిగా వస్తుంది. చక్రాల బ్యాలెన్సింగ్ మాత్రం చేయించు, సగం వణుకు దానికే తగ్గిన బండ్లు కూడా చూశాను.

సీలు కిట్టు, కింగ్ పిన్ బేరింగులు ఒకేసారి కొను, ఎందుకంటే రెండింటికీ విప్పాల్సింది ఒకటే. రెండు పక్కలా చెయ్యి. విప్పేటప్పుడు కింగ్ పిన్ కింద పల్చటి రేకులు వస్తాయి, అవే షిమ్ములు. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది, ఏ పక్కది అనేది కాగితం మీద రాసి దారంతో కట్టి పెట్టు. అవి కలిసిపోయాయంటే బిగువు లెక్క తప్పుతుంది: మరీ బిగిస్తే స్టీరింగ్ తిరిగి మధ్యకి రాదు, వదులైతే వణుకు మళ్లీ మొదలు. బిగువు చూడటానికి స్ప్రింగు త్రాసుతో లాగి చూసే పద్ధతి వర్క్‌షాప్ మాన్యువల్లో ఉంది. ఆ ఒక్క పనికీ జిప్సీలు చేసి అలవాటున్న మేస్త్రిని పక్కన పెట్టుకో, మిగతాది నువ్వే చేసుకోగలవు.

పెడల్ మెత్తబడటానికి ముందు బ్రేకు ఆయిల్ మార్చు. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కి పడిపోవచ్చు. ఘాట్‌లో దిగినంతసేపూ బ్రేకు మీదే కాలు ఉంటే ఆ వేడికి లోపల ఆవిరి బుడగలు పుట్టి పెడల్ స్పాంజిలా అయిపోతుంది. రెండేళ్లకోసారి మార్చాల్సిందే. వెనక డ్రమ్ములు కూడా తీసి లైనర్లు, వీల్ సిలిండర్లు చూసి అడ్జస్ట్ చెయ్యి. దిగేటప్పుడు మూడో గేరు, అవసరమైతే రెండు, ఇంజిన్ పట్టు మీద దిగు. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని వెళ్తున్నావు కాబట్టి ఇది అయ్యేవరకు తప్తపాణి వైపు వెళ్లకు, నా మాట విను.

ఇక 4ఎల్. జిప్సీకి ట్రాన్స్‌ఫర్ బాక్సు, అంటే పవర్‌ని ముందు వెనక ఇరుసులకి పంచే బాక్సు, గేరు బాక్సుకి అతుక్కుని ఉండదు. మధ్యలో చిన్న షాఫ్టు ఉంటుంది, బాక్సు విడిగా మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. ఆ రబ్బర్లు చిరిగితే లోడు పడినప్పుడు బాక్సు మొత్తం మెలి తిరిగి లివర్‌ని వెనక్కి తోస్తుంది. ముందు రబ్బర్లు చూడు, తర్వాత లివర్ బూటు (రబ్బరు తొడుగు) గట్టిపడి పూర్తిగా పడనివ్వడం లేదేమో చూడు, ఆ తర్వాత లోపలి లాకింగ్ స్ప్రింగూ గోళీ. ఇవన్నీ బాగుంటేనే బాక్సు విప్పే మాట. ఎవరైనా చూడకుండానే బాక్సు దింపేద్దాం అంటే ఒప్పుకోకు.

చివరగా, జాకీ మీద బండి ఉండగా కిందకి దూరొద్దు. స్టాండ్లు కొను, లేదా మందపాటి చెక్క దిమ్మలు పేర్చు. ఇటుకలు పెట్టొద్దు, లోడుకి ఉన్నట్టుండి పగిలిపోతాయి.

బరంపురం_ఓల్డ్‌టౌన్:

మెకానికల్ సంగతి అన్నగారు చెప్పేశారు, నేను కాగితాల గురించి చెప్తాను, మన బోర్డరు ఊళ్లలో అందరూ దీన్నే వదిలేస్తారు.

మీది ఏపీ బండి, ఉండేది ఒడిశాలో. 12 నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, అది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47. ముందు విజయనగరం నుంచి ఫారం 28తో ఎన్.ఓ.సి., తర్వాత రాయగడలో కొత్త నంబరుకి ఫారం 27. ఒడిశా రోడ్డు పన్ను ఇక్కడ కట్టాలి. 2003 బండి కాబట్టి 15 ఏళ్లు 2018లో అయిపోయాయి, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2023లో చేయించారో లేదో ఆర్.సి.లో చూడండి. చేయించి ఉంటే 2028 వరకు ఢోకా లేదు. లేకపోతే మాత్రం ఖర్చు లెక్కలో వేసుకోండి, 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో 10,000 చేశారు.

బుల్ బార్ వద్దు. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. బండి మార్పుల మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చకూడదని. పట్టుబడటం సంగతి అలా ఉంచండి, ఎదుటి మనిషికి తగిలితే ఆ ఇనుము వాళ్ల ప్రాణం మీదకి తెస్తుంది. ఎల్ఈడీ బార్ కూడా ఘాట్ మలుపులో ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్ కళ్లలో పడితే చాలా ప్రమాదం. దాని బదులు హెడ్‌లైట్లకి రిలేలు, కొత్త వైరింగ్ వేయించండి. ఇరవై ఏళ్ల స్విచ్చు, సన్నబడిన వైర్లు దాటి బల్బు దగ్గరికి వచ్చేసరికి వోల్టేజీ పడిపోయి ఉంటుంది. రిలే పెడితే అదే 60/55 వాట్ల బల్బు ఎంత వెలుగిస్తుందో మీరే చూస్తారు.

ఇంకొకటి, చాసిస్ కింద సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. ఖంగుమంటే ఇనుము బాగుంది, మొద్దుగా మోగితే లోపల తుప్పు. ముఖ్యంగా వెనక చక్రాల పైన, కమాన్లని (పట్టీ స్ప్రింగులని) చాసిస్‌కి పట్టే షేకిళ్ల చోట. ఎర్రమన్ను లోపల చేరి తడి పట్టుకుని కూర్చుంటుంది.

జయపురం_ఘాట్:

అందరూ చెప్పింది నిజమే కానీ టైర్ల విషయంలో నేను ఒప్పుకోను. తోట దారి బురదే అయితే టైర్లు ఆపొద్దు, బ్రేకులయ్యాక మొదటి ఖర్చు అదే కావాలి. కాకపోతే 235/75 వద్దు. కంపెనీ సైజు 205/70 ఆర్ 15, ఎత్తు సుమారు 67 సెంటీమీటర్లు. 235/75 అంటే 73 పైన, దాదాపు పది శాతం పెద్దది. మీటరు 60 చూపిస్తే మీరు 66లో ఉంటారు, బ్రేకు పట్టు ఆ మేరకు తగ్గుతుంది, గట్టు ఎక్కేటప్పుడు క్లచ్ మీద భారం పెరుగుతుంది. 215/75 ఆర్ 15లో గట్టి ట్రెడ్ ఉన్నవి చూడండి, ఐదు శాతమే తేడా, లిఫ్ట్ లేకుండానే పడతాయి. బురదలోకి దిగేముందు గాలి 18 పి.ఎస్.ఐ.కి దింపండి, తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపండి, చిన్న పంపు బండిలోనే ఉండాలి. తారు మీద 4హెచ్ (నాలుగు చక్రాలకీ పవర్, మామూలు గేరు) తీసేయడం మర్చిపోవద్దు, ఈ బండికి మధ్యలో డిఫరెన్షియల్ (ముందు వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చేది) లేదు, పొడి రోడ్డు మీద మలుపుల్లో షాఫ్టులన్నీ బిగుసుకుపోతాయి.

లిఫ్ట్ కోసం పొడవు షేకిళ్లు వేస్తామంటారు కొందరు. ముందు కమాన్లకి అవి వేస్తే ఇరుసు ముందుకి తిరిగి క్యాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది, స్టీరింగ్ నిలకడ ఇంకా పోతుంది. ఇప్పటికే వణుకుతున్న బండికి అది అస్సలు చేయకూడని పని. కమాన్లు కూర్చుండిపోయి ఉంటే సాలూరు తీసుకెళ్లండి, అది లారీల ఊరు, కమాన్ల పని తెలిసిన చేతులు అక్కడున్నన్ని చుట్టుపక్కల ఎక్కడా లేవు. పట్టీలు కొట్టించి వంపు తెచ్చినా కొన్నాళ్లకి మళ్లీ దిగుతాయి, కుదిరితే కొత్త సెట్టూ బుష్షులూ వేయించండి.

గెడ్డ గురించి ఎవరూ చెప్పలేదు. నడిచి వేడెక్కిన ఇరుసు హౌసింగ్ చల్లటి నీళ్లలో పడగానే లోపలి గాలి ముడుచుకుని బ్రీదర్ (గాలి ఆడే రంధ్రం) లోంచి, సీళ్ల లోంచి నీళ్లు లాక్కుంటుంది. రెండు ఇరుసుల బ్రీదర్లకీ రబ్బరు ట్యూబు తగిలించి బాగా పైకి తెచ్చి కట్టండి, అతి తక్కువ ఖర్చుతో అయ్యే మంచి మార్పు ఇదే. దాటే ముందు గట్టున కాసేపు ఆపి చల్లారనివ్వండి, ఎవరైనా కర్రతో ముందు నడిచి లోతు చూడాలి. ఇంటికొచ్చాక ఫిల్లర్ బోల్టు విప్పి చూడండి, ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే అదే రోజు మార్చేయండి.

రాయగడ_జిప్సీ:

చాలా థ్యాంక్స్ అన్నా, అందరికీ. ఇవాళ షెడ్డులో లేపి చూశాం. కుడి చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఠక్ ఠక్‌మని తెలిసింది, బ్రేకు తొక్కినా పోలేదు. చక్రం తీసి చూస్తే కుడి లోపలి ప్యాడు నల్లగా తడిసి ఉంది, డిస్కు మీద కూడా జిడ్డు చార. ఎడమ పక్క పొడిగానే ఉంది కానీ కొద్దిగా లూజు ఉంది. ట్రాన్స్‌ఫర్ బాక్సు మూడు రబ్బర్లలో ఒకటి పూర్తిగా చిరిగి లోపలి ఇనుము బయటికి కనిపిస్తోంది, చేత్తో తోస్తేనే బాక్సు కదులుతోంది.

బుల్ బార్, వించ్ మానేశాను. సీళ్లు, బేరింగులు, ప్యాడ్లు, మౌంట్లు వైజాగ్ నుంచి తెప్పిస్తున్నాను. ఆర్.సి. 2028 వరకు ఉంది, ఎన్.ఓ.సి. పని మొదలుపెడతాను. ఒక్కటే సందేహం. ఆ బంతిలో మామూలు గ్రీజు చాలా, వేరేది కావాలా? ఎంత నింపాలి?

పర్లాకిమిడి_షెడ్డు:

లిథియం గ్రీజు, మాలిబ్డినం కలిసినది తీసుకో. పాత గ్రీజు ఒక్క చుక్క మిగలకుండా డీజిల్‌తో కడిగి గుడ్డతో పొడిగా తుడువు, ఆ తర్వాతే కొత్తది. జాయింట్ గోళీల మధ్యకి వేళ్లతో బాగా ఎక్కించు. బంతి మాత్రం నిండా కుక్కొద్దు, కాస్త ఖాళీ వదులు, వేడికి పెరిగి కొత్త సీలుని తోసేస్తుంది. బంతి పైన తుప్పు మచ్చలుంటే నీటి కాగితంతో (సన్న ఉప్పుకాగితం) నున్నగా రుద్ది గ్రీజు పూసి అప్పుడు సీలు ఎక్కించు, లేదంటే ఆ గరుకు సీలుని కోసేస్తుంది. కొత్త ప్యాడ్లు వేసేముందు డిస్కుని బ్రేకు క్లీనరుతో తుడవడం మర్చిపోకు. షిమ్ముల రోజు ముందుగా చెప్పు, నేను గుణుపురం వరకు ఎలాగూ వస్తాను, అటు నుంచి అటే వచ్చేస్తాను.