నౌపడా పక్క నేల సోలార్‌కి లీజు అడుగుతున్నారు, తేలినీలాపురం పిట్టల సంగతేటి?

టెక్కలి_కుర్రోడు:
శ్రీకాకుళం జిల్లా నౌపడా ఉప్పుమళ్ళకి ఆనుకుని మాకు కాస్త చవుడు నేల ఉంది, పంట అంతంత మాత్రం, రొయ్యల చెరువులకి ఇవ్వడం ఇష్టం లేదు. ఇప్పుడు సోలార్‌కి లీజు అడుగుతున్నారు. నాన్న ఇచ్చేద్దాం అంటున్నారు. తేలినీలాపురంలో గూళ్ళు పెట్టే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మేతకి ఈ తంపర (చిత్తడినేల) వైపే కదా వస్తాయి. పొగా లేదు, బూడిదా లేదు, మరి వాటికి ఇబ్బంది ఉంటాదా?

లైన్‌మేన్_గారబ్బాయి:
తమ్ముడూ, పలకల కన్నా ముందు తీగల సంగతి అడుగు. రాజస్థాన్‌లో బట్టమేక పిట్టలు సోలార్ లైన్లకి గుద్దుకుని చచ్చిపోతున్నాయనే సుప్రీంకోర్టు 2021లో తీగలు భూమిలో వెయ్యమంది, 2024లో మళ్ళీ ఆ ఆర్డర్ సడలించి కమిటీ వేసింది, పెద్ద లైన్లు అంత దూరం భూమిలో వెయ్యడం మాటలు కాదు మరి. బట్టమేకకి ఎదర చూపు తక్కువ, ఒళ్ళు బరువు, తీగ కనిపించేసరికి పక్కకి తిరగలేదు. గూడబాతూ బరువైన పిట్టే. సబ్‌స్టేషన్ ఎక్కడ, లైను పిట్టలు గూళ్ళు పెట్టే ఊరికీ తంపరకీ మధ్య నుంచి పోతాదా కనుక్కో. 33 కేవీ అయితే భూమిలో వెయ్యొచ్చు, ఖర్చవుద్దని వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

బీల_బావు:
ఓలమ్మ, మళ్ళీ అదే కత! సోంపేట బీలని (అదీ చిత్తడినేలే) కూడా పనికిరాని నేలన్నారు, ధర్మల్ ప్లాంటు వద్దన్నవోళ్ళ మీద 2010లో పోలీసు కాల్పులు జరిగాక గానీ దాని అనుమతి రద్దు అవనేదు. మరుసటేడు కాకరాపల్లి ధర్మల్ ప్లాంటు కాడా కాల్పులే. సోలార్ ధర్మల్ లాంటిది కాదు, ఒప్పుకుంటాను, కానీ తంపరలో సేపలు పట్టుకునేవోళ్ళని ఎవులైనా అడిగినారేటి?

రూల్స్_రాంబాబు:
అడగక్కర్లేదు కాబట్టే అడగరు. పర్యావరణ అనుమతుల 2006 నోటిఫికేషన్ కింద సోలార్ పలకల ప్లాంటుకి ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు, 2017 చిత్తడినేలల రూల్సేమో ఉప్పు తయారీకి కట్టిన మళ్ళని లెక్కలోంచి తీసేశాయి. పిట్టకి ఆ తేడా తెలీదు కదా. మెగావాట్‌కి నాలుగైదు ఎకరాలు పోతాది, అదేదో ఇళ్ళ కప్పుల మీద పెట్టుకోవచ్చు, కేంద్రం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ ఇస్తున్నారు.

లైన్‌మేన్_గారబ్బాయి:
కప్పుల మీద పెట్టినంత మాత్రాన ఫ్యాక్టరీలు నడవవు రాంబాబు గారూ, పెద్ద ప్లాంట్లు కావాలి. మెట్ట మీద పెట్టమనండి, తంపర అంచున వద్దు.

టెక్కలి_కుర్రోడు:
లైను మ్యాప్ అడిగితే అగ్రిమెంట్ అయ్యాక చూపిస్తామన్నారు. నాన్నకి చెప్పా, అది చూసేదాకా సంతకం లేదు.