గిటారు ఫింగర్‌బోర్డుపై ముత్యపు చిప్ప పొదగడం: విశాఖ తేమలో మీ అనుభవాలు

తీగసవ్వడి (మధురవాడ):
నేను చేయించుకుంటున్న గిటారుకు రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు (తీగలను వేళ్లతో నొక్కే పలక) పెడుతున్నారు. స్థానాలను సూచించే చుక్కలకు బదులుగా మూడో ఫ్రెట్టు (పలకపై అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) నుండి పన్నెండో ఫ్రెట్టు వరకు ముత్యపు చిప్పతో మల్లెతీగ పొదిగించాలని నా కోరిక. అయితే సముద్రపు గాలికి ముక్కలు లేచిపోతాయని కొందరు అంటున్నారు. ఈ పని తెలిసినవారు వివరించగలరు.

పెందుర్తి వడ్రంగి:
తేమకు చిప్ప ఉబ్బదు, చెక్కే ఉబ్బుతుంది, అదీ ప్రధానంగా నారకు అడ్డంగా. అందువల్ల చిప్ప ఊడిందంటే సరిగా ఆరని చెక్కనో, అడుగు సమంగా లేని గాడినో ముందు అనుమానించాలి. మల్లెతీగకు అసలు చిక్కు మరొకటి ఉంది. ఫింగర్‌బోర్డు పైభాగం వంపుగా ఉంటుంది, చిప్ప బల్లపరుపుగా ఉంటుంది. వంపు వ్యాసార్ధం 9.5 అంగుళాలైతే, 40 మి.మీ. వెడల్పున్న ఒకే ముక్కకు అంచులు మధ్యభాగం కంటే సుమారు 0.8 మి.మీ. ఎక్కువగా అరిగిపోవాలి. 1.5 మి.మీ. మందం గల చిప్పలో అంచున మిగిలేది సగం కూడా కాదు. ఆకులను, పూలను విడివిడి చిన్న ముక్కలుగా కోయించండి. మల్లెతీగ ఫ్రెట్టు గాట్లను (ఫ్రెట్లు దిగే కోతలను) దాటే చోట్ల కాడ సన్నగా ఉండేలా గీయించండి.

నగల రంపం (కంచరపాలెం):
కోత గురించి నా మాట. చిప్పను కంసాలులు వాడే సన్నని బ్లేడుతో, ముందు భాగంలో కోణంగా చీల్చిన చెక్కపలకపై ఆనించి, తొందరపడకుండా కోయాలి. కోసిన ముక్కను చెక్కపై తాత్కాలికంగా అతికించి, అంచు వెంట సూదిమొనతో గీసి, ఆ గీతలో సుద్దపొడి రుద్దితే నల్లని చెక్కమీద హద్దు స్పష్టంగా కనిపిస్తుంది. గాడిని చిన్న రూటరు యంత్రంతో తొలిచి, మూలలను ఉలిమొనతో సరిచేస్తాను. ఎపాక్సీ జిగురులో అదే చెక్క పొడి కలిపితే సన్నని సందులు కలిసిపోతాయి, కానీ పెద్ద సందును ఆ మిశ్రమంతో కప్పిపుచ్చే పనిని నేను మంచి పనితనంగా ఒప్పుకోను. చిప్ప పొడి ఊపిరితిత్తులకు హానికరం కనుక మాస్కు తప్పనిసరి. తడిపి కోయడం ఇంకా మంచిది.

పాతబస్తీ పాఠకుడు:
ఈ ఊరికి ఈ కళ కొత్త కాదని గుర్తుచేయాలి. 18వ శతాబ్దంలో విశాఖపట్నంలో యూరోపియన్ల కోసం చేసిన పెట్టెల్లో, కుర్చీల్లో రోజ్‌వుడ్, ఎబొనీ చెక్కలపై దంతం పొదిగి, దానిమీద పూలతీగలు చెక్కి, ఆ గీతలను నల్లని లక్కతో నింపేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ వస్తువులు ఉన్నాయి. ఆకుల ఈనెలను విడి ముక్కలుగా కోసే బదులు, అదే పద్ధతిలో చిప్పపై గీసి నల్లరంగు నింపించండి. దంతం వ్యాపారం నేడు నిషిద్ధం. తెల్లదనం కోసం గేదె ఎముక వాడదలిస్తే కొవ్వు పూర్తిగా తీయించండి, లేకపోతే పసుపుపచ్చ మరకలు పైకి వస్తాయి. నాటిలస్ గవ్వకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది కనుక ఎవరు అమ్మజూపినా కొనకండి.

తీగసవ్వడి:
కృతజ్ఞతలు. పూలను విడి ముక్కలుగానూ, ఈనెలను చెక్కడంతోనూ చేయిస్తాను. నగల రంపం గారూ, ఫ్రెట్టు గాట్లను పొదుగుకు ముందు కోయాలా, తరువాతనా?

నగల రంపం:
ముందే కోసి ఉంచి, ఎపాక్సీ గట్టిపడి పైభాగాన్ని సాపు చేశాక, గాటుకు అడ్డుపడిన చిప్పను అదే మందం గల రంపంతో తిరిగి తెరవాలి. చిప్ప రంపపు పళ్లను త్వరగా మొద్దు చేస్తుంది కాబట్టి దీనికి వేరే రంపం కేటాయించమని చెప్పండి.