ఆఫీసులో లాజిక్ రాసేవాడిని కమీషనింగ్‌కి పంపిస్తున్నారు, ముందు ఏం చూసుకోవాలి?

కొత్తగా_సైట్‌కి:
అందరికీ నమస్కారం. ఈసీఈ చదివి మూడేళ్లుగా హైదరాబాద్‌లో డీసీఎస్ (ప్లాంటును నడిపే కంప్యూటర్ కంట్రోల్ సిస్టమ్) పని చేస్తున్నా, అంటే లాజిక్ రాయడం, గ్రాఫిక్స్ గీయడం, కస్టమర్ వస్తే టెస్ట్ చేసి చూపించడం. వచ్చే నెల ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో 30 మెగావాట్ల క్యాప్టివ్ ప్లాంట్ (ఫ్యాక్టరీ సొంత కరెంటు ప్లాంటు) కమీషనింగ్‌కి, అంటే మొదటిసారి నడిపించే పనికి, వెళ్లమన్నారు. బాయిలర్‌ని దగ్గర నుంచి చూసింది లేదు. డ్రమ్ లెవెల్ లూప్, అంటే బాయిలర్ డ్రమ్‌లో నీళ్ల మట్టాన్ని నిలబెట్టే కంట్రోల్, నేను రాసిందే, అదే పెద్ద టెన్షన్. మొదటి వారాల్లో దేని మీద కూర్చోవాలి?

గాజువాక_ఇన్‌స్ట్రుమెంట్:
తమ్ముడూ, లాజిక్ సంగతి తర్వాత, ముందు లూప్ చెకింగ్‌కి, అంటే పరికరం నుంచి స్క్రీన్ దాకా సిగ్నల్ సరిగ్గా వస్తోందో చూడటానికి, నువ్వే వెళ్లు. జంక్షన్ బాక్సు దగ్గర 12 మిల్లీయాంపులు (సిగ్నల్ 4 నుంచి 20 వరకు) ఇచ్చి, స్క్రీన్ మీద 50 శాతం వచ్చిందని సంతకం అడుగుతారు. అది సగం లూపే. ట్రాన్స్‌మిటర్ (కొలిచి సిగ్నల్ పంపే పరికరం) దగ్గర నుంచి ఇవ్వమను, అక్కడే ఒక వైరు ఊడదీయించి స్క్రీన్ మీద ఫాల్ట్ వస్తోందో లేదో చూడు. సున్నాకి 4 మిల్లీయాంపులు పెట్టుకున్నది వైరు తెగితే తెలియడానికే.

డ్రమ్ లెవెల్ అన్నావు కాబట్టి చెబుతా. నేను పనిచేసిన ఒకచోట మూడు ట్రాన్స్‌మిటర్లలో రెండు లెవెల్ బాగానే ఉందన్నాయి, మూడోది తక్కువ చూపిస్తుంటే అందరం దాన్నే అనుమానించాం. ఒక ఆపరేటర్ టార్చి పట్టుకుని డ్రమ్ ఫ్లోర్ ఎక్కి గేజ్ గ్లాసు చూస్తే నీళ్లు అడుగున ఉన్నాయి. ఆ రెండింటికీ వెట్ లెగ్ (పోల్చి కొలవడానికి నీళ్లతో నింపి ఉంచే ట్యూబు) సరిగ్గా నింపలేదు. వెట్ లెగ్‌లో నీళ్లు తగ్గితే లెవెల్ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది, కంట్రోలర్ ఫీడ్ వాటర్ తగ్గించేస్తుంది. మూడింట్లో రెండు చెప్పిందే నమ్మే లాజిక్ బాగానే పనిచేసింది, దానికి అందిన లెక్కే తప్పు.

మంచిర్యాల_టర్బైన్:
అన్న చెప్పింది నిజం. నేను ఇంకోటి కలుపుతా. క్యాప్టివ్‌లో అసలు పరీక్ష గ్రిడ్ పోయినప్పుడే. గ్రిడ్ నుంచి కరెంటు తీసుకుంటున్న టైంలో అది పోతే లోడంతా నీ జనరేటర్ మీద పడి ఫ్రీక్వెన్సీ 50 నుంచి జారిపోతుంది, లోడ్ షెడ్డింగ్ (కొన్ని లోడ్లను ఆపేయడం) సెకను లోపే పనిచేయాలి. అలా ఆపాల్సిన ఫీడర్ల (యంత్రాలకు కరెంటు వెళ్లే లైన్ల) లిస్టు మనం ఆఫీసులో డ్రాయింగ్ చూసి రాస్తాం కదా, సైట్‌లో ఫీడర్లు మారిపోయి ఉంటాయి. మా దగ్గర క్రషర్ ఆగాల్సిన చోట కూలింగ్ వాటర్ పంపు ఆగింది. అందుకే స్విచ్‌గేర్ రూమ్‌లో ఒక్కో బ్రేకర్ ముందు నిలబడి, లిస్టులో పేరు, కేబుల్ ఎటు పోతోంది, రెండూ సరిచూడు. దీనికి రెండు రోజులు పోయినా పర్లేదు.

కొత్తగా_సైట్‌కి:
చాలా థాంక్స్ అన్నా, ఇద్దరికీ. ఇంకో డౌటు. స్టార్టప్ తొందరలో ఇంటర్‌లాక్ (ప్రమాదంలో యంత్రాన్ని ఆపే రక్షణ) ఫోర్స్ చేయమని, అంటే పనిచేయకుండా పక్కన పెట్టమని, పెద్దవాళ్లు అడిగితే కొత్తవాడిని, ఎలా కాదనాలి?

గాజువాక_ఇన్‌స్ట్రుమెంట్:
కాదనక్కర్లేదు, రిజిస్టర్ తెరిచి ముందు పెట్టు. ట్యాగ్ (ఆ సిగ్నల్ పేరు), కారణం, టైము, ఎప్పటికి తీసేయాలి, కింద షిఫ్ట్ ఇన్‌చార్జ్ సంతకం. సంతకం పెట్టాల్సి వచ్చేసరికి చాలామంది ఇంకో దారి చూస్తారు. డ్రమ్‌లో నీళ్లు బాగా తగ్గితే బాయిలర్‌ని ఆపే ట్రిప్ మాత్రం ఎవరు సంతకం పెడతానన్నా ఫోర్స్ చేయకు, నీళ్లు లేని ట్యూబుల కింద మంట మండుతూ ఉంటుంది, పక్కనే మనుషులుంటారు. ఒత్తిడి చేస్తే మీ మేనేజర్‌కి ఫోన్ చేయి, అర్ధరాత్రయినా సరే.