లోన్ సర్వీసర్ (నెల పేమెంట్లు వసూలు చేసే కంపెనీ) మారాక నెల పేమెంట్ 1,353 డాలర్లు పెరిగింది. ఈ ఎస్క్రో లెక్కలో నేను నిజంగా కట్టాల్సింది ఎంత?

సెలైనా_గుంటూరు:

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో కొత్త ఇల్లు కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త ఓపికగా చదవండి, పోస్టు పెద్దదే.

మాది సెలైనా, కాలిన్ కౌంటీ. 2024 మేలో బిల్డర్ దగ్గర 5,20,000 డాలర్లకి కొత్త ఇల్లు తీసుకున్నాం. 20 శాతం డౌన్, 6.25 వడ్డీ. అసలు, వడ్డీ కలిపి నెలకి 2,561.40. దాని మీద ఎస్క్రో 1,080 అన్నారు, అంటే ఇంటి పన్నూ ఇన్సూరెన్సూ మన తరఫున కట్టడానికి సర్వీసర్ నెల నెలా తీసుకుని పక్కన పెట్టే డబ్బు. సరే అన్నాం.

ఆ ఏడాది పన్ను 2,400 మాత్రమే వచ్చింది. 2025 ఫిబ్రవరిలో సర్వీసర్ దగ్గర్నుంచి ఒక కవరు, అందులో 6,410 డాలర్ల చెక్కు. మీ ఎస్క్రోలో మిగులుంది, తీసుకోండి అని. పైగా మార్చి నుంచి నెల ఎస్క్రో 430కి తగ్గించేశారు. నాకు అప్పుడే తేడా కొట్టి ఫోన్ చేశాను. జనవరి 1 నాటికి అక్కడ ఇల్లే లేదు కదమ్మా, ఇది వట్టి స్థలానికి పడిన పన్ను, వచ్చే ఏడు ఇంటితో కలిపి పడుతుంది కదా అన్నాను. "సిస్టమ్ పోయినేడు బిల్లే తీసుకుంటుంది సర్, మేం మార్చలేం" అంది అవతలి అమ్మాయి. మా ఆవిడ ఆ డబ్బు ముట్టుకోవద్దంది. సేవింగ్స్‌లో వేశాం. కానీ నాన్నగారికి ఆపరేషన్ అయితే అందులో సగానికి పైగా నరసరావుపేట పంపాల్సి వచ్చింది.

2025 నవంబర్ 1న లోన్ వేరే కంపెనీకి వెళ్లిపోయింది. మా బ్యాంకు నవంబర్ పేమెంట్‌ని పాత కంపెనీకే పంపింది. పాతవాళ్లు దాన్ని కొత్తవాళ్లకి పంపారు గానీ అది చేరేలోపు వీళ్లు 128.07 లేట్ ఫీ వేసేశారు. పోనీ అనుకుంటే, జనవరిలో కౌంటీ ట్యాక్స్ ఆఫీసు సైట్ చూశాను, 2025 పన్ను 8,640 బాకీ అలాగే కనిపిస్తోంది. ఫోన్ చేసిన ప్రతిసారీ "ప్రాసెస్‌లో ఉంది" అనే మాటే. జనవరి 31 దాటిపోయింది. ఫిబ్రవరి మొదటి వారంలో 604.80 పెనాల్టీతో కలిపి కట్టారు. ఆ పెనాల్టీ కూడా నా ఎస్క్రోలోంచే.

ఇప్పుడు ఉత్తరం వచ్చింది. ఎస్క్రోలో మొత్తం లోటు 9,274.80. దాన్ని 12 నెలలకి పంచితే 772.90. మామూలు ఎస్క్రో 1,010. అన్నీ కలిపి మార్చి నుంచి నెలకి 4,344.30 కట్టమంటున్నారు. ఇన్నాళ్లూ కట్టింది 2,991.40.

నా ప్రశ్న ఒకటే. ఇందులో నాది ఎంత, వాళ్ల నిర్వాకం ఎంత? తేలేదాకా పాత పేమెంటే కడుతూ ఉంటే ఏమవుతుంది? లోటంతా ఒకేసారి కట్టమని ఒత్తిడి చేయొచ్చా? (హోమ్‌స్టెడ్, అదే సొంతంగా ఉండే ఇంటికిచ్చే పన్ను మినహాయింపు, వేశారా అని అడగబోయేవాళ్లకి: 2025 జనవరిలోనే వేశాం, డ్రైవింగ్ లైసెన్సు అడ్రస్ మార్చి మరీ.)

కేటీ_రాజమండ్రి:

అండి బాబూ, మీకు ఒక్క బిల్లే కదా! హ్యూస్టన్ ఇవతల మా కేటీలో కౌంటీ బిల్లు వేరు, మడ్ (నీళ్లు, డ్రైనేజీ చూసే స్థానిక సంస్థ) పన్ను బిల్లు వేరు. మా సర్వీసర్ కౌంటీది శుభ్రంగా కట్టి మడ్ బిల్లు గాలికొదిలేశాడు. అడిగితే "ఆ బిల్లు మాకు రాలేదు, మీకొచ్చిన కాపీ అప్‌లోడ్ చెయ్యండి" అంటాడు. అప్‌లోడ్ చేస్తే చూసేవాడు లేడు. చివరికి నేనే కట్టి రసీదు వాళ్ల మొహాన కొట్టాను, తర్వాత ఎస్క్రోలోంచి ఇచ్చారు. లేట్ ఫీ మాత్రం వదలకండి, ట్రాన్స్‌ఫర్ టైములో అలా వెయ్యకూడదు.

సెలైనా_గుంటూరు:

థాంక్సండి. నేనే కట్టేద్దామని జనవరిలో అనుకున్నాను. "మీరూ కట్టి మేమూ కడితే రిఫండ్‌కి నెలలు పడుతుంది" అని భయపెట్టారు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:

అన్నా, నేను హైదరాబాద్‌ల కూసోని అమెరికా మార్ట్‌గేజ్ కంపెనీల ట్యాక్స్ డెస్క్ పని చేసిన, చాన ఏండ్లు. ఇప్పుడు మానేసిన. మీరు ఫోన్ చేసినప్పుడు అవతలోళ్ల స్క్రీన్ మీద ఏం కనవడ్తదో నాకు తెల్సు. జర పొడుగైతది, చదువున్రి.

మొదలు చేదు మాట చెప్త. ఆ 9,274.80ల 8,670 మీదే. కోపం రావచ్చు గని లెక్క గట్లనే ఉంది. నెలకు 430 కట్టుకుంట 8,640 పన్ను, 3,480 ఇన్సూరెన్స్ ఎట్ల తీరుతయి? (ఇన్సూరెన్స్ 3,480 అని మీరు చెప్పలే. 1,010ని 12తోని గుణించి పన్ను తీసేస్తే గంతే వస్తది. నార్త్ టెక్సస్ వడగండ్లకు అది ఎక్కువేం కాదు.) ఫిబ్రవరి ఆఖరుకు పెనాల్టీ పక్కకు పెడితే మీ ఖాతా మైనస్ 4,630ల ఉంటది. దాన్ని డెఫిషియెన్సీ అంటరు, అంటే కంపెనీ తన జేబుల నుంచి మీ తరఫున కట్టిన పైసలు. ఇగ వచ్చే ఏడాది నడవాలంటే మార్చిల ఖాతాల 4,040 ఉండాలె. అది షార్టేజ్. రెండూ కలిపితే 8,670. ఆ 4,040 లెక్కల రెండు నెలల కుషన్ (జాగ్రత్తకు ఉంచే అదనపు పైసలు) 2,020 ఉన్నది, ఏడాది ఖర్చుల ఆరో వంతు. ఫెడరల్ రూల్ గంత వరకు ఒప్పుకుంటది. సరిగ్గ గీత మీద పెట్టిన్రు, దాటలే.

ఇగ వాళ్లది. 604.80 పెనాల్టీ పైస కూడ మీది కాదు. రెగ్యులేషన్ ఎక్స్ అని ఇంటి లోన్ల మీద ఫెడరల్ రూల్ ఉంటది, దాని ప్రకారం మీ పేమెంట్ 30 రోజులకు మించి బాకీ లేకపోతే, పెనాల్టీ పడే తారీఖు లోపల సర్వీసర్ పన్ను కట్టాలె. ఖాతాల పైసలు లేవంటే నడవది, తన పైసలు పెట్టి కట్టాలె, తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోవాలె. టెక్సస్‌ల జనవరి 31 దాటితే ఫిబ్రవరిల 6 శాతం పెనాల్టీ, 1 శాతం వడ్డీ. 8,640కి 7 శాతం 604.80. మీ నంబర్ పక్కా.

ఎందుకట్ల అయిందంటే, బిల్లులు అక్టోబర్‌ల వస్తయి. సర్వీసర్లు కౌంటీ కౌంటీకి తిరగరు, ట్యాక్స్ సర్వీస్ కంపెనీ ఒకటి అందరి పార్సెల్ నంబర్లు (ఒక్కో ఇంటి స్థలానికి ఉండే నంబర్లు) పట్టుకొని బిల్లులు గుంపుగ తెప్పిస్తది. మీ లోన్ నవంబర్ 1కి మారింది. పాతోళ్ల లిస్టులకెల్లి పేరు తీసేసిన్రు, కొత్తోళ్ల లిస్టుల ఎక్కనే లేదు. నడుమ పడ్డరు. మాకు ప్రతి ఏడాది డిసెంబర్‌ల గివే కేసులు, అర్ధరాత్రి పూట ఒక్కొక్క కౌంటీ సైట్ తెరిచి చేత్తోని వెతికేటోళ్లం. నవంబర్‌ల ట్రాన్స్‌ఫర్ పెట్టుడే పెద్ద దరిద్రం, ఎవ్వరూ మానరు.

128.07 కూడ తీసెయ్యాలె. ట్రాన్స్‌ఫర్ తారీఖు నుంచి 60 రోజుల దాక, పాతోళ్లకు టైముకు చేరిన పేమెంట్‌ను లేట్ అనొద్దు.

ఇంకోటి. "సిస్టమ్ మార్చలేం" అని చెప్పిన్రు సూడున్రి, నాకు అది సదివితే మండింది. 50 డాలర్లు, దానికి మించి మిగులుంటే 30 రోజుల్ల వాపస్ ఇయ్యాలన్నది నిజం, అందుకే చెక్కు వచ్చింది. కని ఆ మిగులు లెక్క తీసేటప్పుడే కొత్తగ కట్టిన ఇంటికి ఇంకా పన్ను వెయ్యలేదంటే, చుట్టుపక్కల అసొంటి ఇండ్ల పన్ను చూసి అంచనా వేసుకోవచ్చని అదే రూల్‌ల రాసి ఉన్నది. చేతులు కట్టేసిందేం లేదు. కాకపోతే వేసుకోవచ్చు అని ఉంది, వెయ్యాలె అని లేదు. కేసు గెలువరు, ఉత్తరంల రాస్తే మాత్రం బరువు ఉంటది.

పాత పేమెంటే కడ్త అంటరా, అసలు చెయ్యొద్దు. తక్కువ పంపితే ఆ పైసలు లోన్‌కు చేరవు, సస్పెన్స్ ఖాతాల పక్కకు పెడ్తరు. నెల తిరిగేవరకు మీరు డిఫాల్ట్ లెక్క. కట్టుకుంటనే కొట్లాడున్రి.

ఒక్కసారే కట్టమని బలవంతం చెయ్యరాదు. మీ అంత షార్టేజ్‌ను కనీసం 12 నెలలకు పంచాలె. డెఫిషియెన్సీని రెండు కిస్తీలల్ల కూడ అడగొచ్చు, వీళ్లు దాన్ని కూడ 12కే పంచిన్రు. అక్కడ వాళ్లను గెలకకున్రి. కనీసం అన్నరు కాబట్టి 24 నెలలకు పంచమని అడిగి చూడున్రి, కొందరు ఇస్తరు.

ఎడిసన్_వెంకట్:

అసలు ఎస్క్రో ఎందుకండీ? నేను న్యూజెర్సీలో ఎస్క్రో తీసేయించుకున్నాను. ఇక్కడ పన్ను ఏడాదికి నాలుగు సార్లు, ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ ఒకటో తేదీల్లో. కొత్త ఇంటికైతే యాడెడ్ అసెస్‌మెంట్ అని వేరే బిల్లు వస్తుంది, మీలా ఏడాది తర్వాత బాంబు పేలదు. మీకు 20 శాతం ఈక్విటీ ఉంది, కన్వెన్షనల్ లోన్ (ప్రభుత్వ హామీ లేనిది) అయితే అడగొచ్చు. మన డబ్బు మన బ్యాంకులో ఉంటే నాలుగు డాలర్లు వడ్డీ అయినా వస్తుంది.

కేటీ_రాజమండ్రి:

వెంకట్ గారూ, మీ క్రమశిక్షణ అందరికీ ఉంటే ఇంకేం! 8,000 పైచిలుకు డిసెంబర్‌లో ఒక్కసారి తియ్యాలంటే మా ఇంట్లో బ్లాక్ ఫ్రైడే ముందే అయిపోయుంటుంది. ప్రభుత్వ బీమా ఉండే ఎఫ్‌హెచ్‌ఏ లోన్‌కి అసలు కుదరదు కూడా.

సెలైనా_గుంటూరు:

మాది కన్వెన్షనలే. కానీ ఎస్క్రో మైనస్‌లో ఉండగా తీసెయ్యమంటే ముందు అది కట్టమంటారుగా, కాబట్టి ఇప్పటికి ఆ మాట పక్కన పెడతాను.

గచ్చిబౌలి గారూ, మీరు మా చెల్లెలో, తమ్ముడో తెలియదు గానీ చాలా చాలా థాంక్స్. ఇన్సూరెన్స్ అక్షరాలా 3,480, ముందు 2,760 ఉండేది. ఆ 8,670 నాదేనని ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, అయినా మీ లెక్క కాగితం మీద మళ్లీ వేసి చూశాను, కరెక్టే. పెనాల్టీ తీసేస్తే ఎంత తగ్గుతుంది? కంప్లైంట్ వాళ్ల వెబ్‌సైట్‌లో మెసేజ్ పెడితే చాలా?

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:

చెల్లెనే అన్నా.

నెలకు 50.40 తగ్గుతది. 4,293.90 అయితది. చాన తక్కువ అనిపిస్తది కని ఆ 604.80 ఊకె ఎందుకు ఇడ్సుడు? ఏడాది అయినంక ఈ లోటు తీరిపోతే పన్ను, ఇన్సూరెన్స్ గింతనే ఉన్నయనుకుంటే 3,571.40కి వస్తరు. మీ ఇంటి అసలైన నెల పేమెంట్ అదే, 2,991 ఎప్పుడూ కాదు. హోమ్‌స్టెడ్ ఉన్నది కాబట్టి ఈపాటికి ఇట్లున్నది. 2025 నవంబర్ ఓటింగ్‌తోని స్కూల్ పన్ను మినహాయింపు 1,40,000 డాలర్లు అయింది. మీ బిల్లుల ఆ అంకె పడ్డదా లేదా ఒకసారి చూసుకోన్రి.

మెసేజ్ పెడితే చాలదు. నోటీస్ ఆఫ్ ఎర్రర్ అని పైన రాసి ఉత్తరం పంపాలె. దానికి వేరే అడ్రస్ ఉంటది, పేమెంట్ పంపే అడ్రస్ కాదు. స్టేట్‌మెంట్ వెనకనో వెబ్‌సైట్‌లనో చిన్న అక్షరాలల్ల రాసి ఉంటది. తప్పు అడ్రస్‌కు పంపితే గడువు మొదలే కాదు. పేమెంట్ కూపన్ మీద రాస్తే లెక్కలకు రాదు. సర్టిఫైడ్ మెయిల్, రిటర్న్ రసీదుతోని. లోన్ నంబర్, ఇంటి అడ్రస్, రెండే తప్పులు: ఒకటి పన్ను టైముకు కట్టలే, రెండు ట్రాన్స్‌ఫర్ గడువుల లేట్ ఫీ వేసిన్రు. కౌంటీ రసీదు, నవంబర్ బ్యాంకు పేమెంట్ ప్రూఫ్, రెండు కంపెనీల ట్రాన్స్‌ఫర్ ఉత్తరాలు జత చెయ్యున్రి. 6,410 చెక్కు కథ ఆఖరుకు రెండు ముక్కలల్ల రాయున్రి, ముందల రాస్తే మేం డెస్క్‌ల కూసున్నోళ్లం ఆ కథకే జవాబు రాసి ఫైల్ మూసేస్తం. అట్ల మస్తు చూసిన.

5 పనిదినాలల్ల అందిందని చెప్పాలె, 30 పనిదినాలల్ల జవాబు ఇయ్యాలె, ఇంకో 15 అడగొచ్చు. ఉత్తరం అందినంక ఆ నవంబర్ పేమెంట్ గురించి 60 రోజులు క్రెడిట్ బ్యూరోకు చెడ్డగ రాయొద్దు. ఉత్తరం పోయిన రోజే సీఎఫ్‌పీబీ (అప్పులు తీసుకున్నోళ్ల ఫిర్యాదులు చూసే ఫెడరల్ ఆఫీస్) పోర్టల్‌ల కూడ వెయ్యున్రి. ఆ ఆఫీస్ 2025 నుంచి మునుపటంత గట్టిగ లేదు, ఆక్వెన్ అనే సర్వీసర్ మీద 2017ల ఎస్క్రో సరిగ్గ చూస్తలేరని దావా వేసిన కాలం కాదిది. అయినా అక్కడికెల్లి వచ్చిన కంప్లైంట్‌ను మా దగ్గర వేరే టీం చూసేది. మీ సర్వీసర్ బ్యాంకు కాకపోతే ఆస్టిన్‌ల టెక్సస్ రాష్ట్రం సేవింగ్స్ అండ్ మార్ట్‌గేజ్ లెండింగ్ డిపార్ట్‌మెంట్ ఉంటది, దానికో కాపీ.

ఒకటి మర్వకున్రి. పెనాల్టీ వాపస్ వేసినమని జవాబు వస్తది, కని పేమెంట్ దానంతట అది తగ్గదు. కొత్త ఎస్క్రో ఎనాలిసిస్ నడపమని అదే ఉత్తరంల అడగాలె. అడగకపోతే ఆ 50.40 వచ్చే ఫిబ్రవరి దాక కట్టుకుంటనే ఉంటరు.