సిరిమాను మానేసి వెళ్లదగ్గ పండుగ దేశంలో ఏదైనా ఉందా?

కోట జంక్షన్:
పుణెలో ఉద్యోగం, సొంతూరు విజయనగరం. ఏడాదిలో ఒక్కసారే వరసగా వారం రోజులు సెలవు పెట్టుకోగలను. ఆ వారం ఎక్కడ గడపాలా అని ఇంట్లో ప్రతి ఏడూ రభసే. అమ్మకు మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను పండుగ తప్ప ఇంకో మాట లేదు. మా ఆవిడది శ్రీకాకుళం. "పెళ్లయిన దగ్గర్నుంచి దసరా అంటే మూడు లాంతర్ల దగ్గర నిలబడటమే. కోల్‌కతా దుర్గాపూజ, పూరీ రథయాత్ర, త్రిసూర్ పూరం... ఒక్కటీ చూడకుండానే పిల్లలు పెద్దవాళ్లయిపోతారు" అంటుంది. ఇద్దరి మాటా కొట్టిపారేయలేను. రైలు, రూము, తోపులాట అన్నీ భరించి వెళ్లదగ్గ పండుగ నిజంగా ఏది? యూట్యూబ్‌లో చూసి చెప్పేవాళ్లు వద్దు, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

హుకుంపేట కుర్రోడు:
ఇదేటి ప్రశ్న బాబూ! ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి జనం మన ఊరికొస్తుంటే మనం బయటికి పోవాలా? సిరిమాను అంటే మంగళవారం సాయంత్రం చూసి వచ్చేసే ఊరేగింపు ఒక్కటే అనుకుంటున్నట్టున్నావు. అమ్మవారు పూజారి కలలో కనబడి చెట్టెక్కడుందో చెప్పిన రోజు నుంచీ లెక్క. ఆ చింతచెట్టుకు పూజ చేసి, కొట్టి, మా హుకుంపేటకు తెస్తారు. దాన్ని చెక్కి నున్నగా చేస్తుంటే పక్కన నిలబడి చూడు. పచ్చి చింతకర్ర వాసన, దానిమీద ఆడవాళ్లు రాసిన పసుపు, ఎవరి మొక్కు వాళ్లది. యాభై అరవై అడుగుల మాను. దాని చివర మనిషి కూర్చుంటాడు, చదురుగుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. కింద నుంచి జనం అరటిపళ్లు విసురుతుంటారు. ఇదంతా వదిలేసి కరెంటు బల్బుల పందిళ్లు చూడ్డానికి కోల్‌కతా పోతావా?

వంశధార:
తమ్ముడూ, కరెంటు బల్బులని తీసిపారేయకు. మా ఆయన ఉద్యోగం వల్ల మేం కొన్నాళ్లు హౌరాలో ఉన్నాం. కోల్‌కతా పూజలో నాకు నచ్చింది పందిళ్లు కాదు, విగ్రహాలు చేసే కుమార్‌తులీ సందులు. గడ్డితో బొమ్మ కట్టి, దానిమీద మట్టి మెత్తి, ఆరబెట్టి, మళ్లీ మెత్తి... రంగు లేని దుర్గలు వరసగా గోడకి ఆనించి ఉంటాయి. సందు ఎంత ఇరుకంటే, విగ్రహాన్ని బయటికి తెస్తుంటే మనం ఎవరింటి గుమ్మంలోకో ఎక్కి దారివ్వాలి. చివర్లో కళ్లు దిద్దుతారు. అప్పటిదాకా మట్టిబొమ్మ, ఆ తర్వాత తేరిపార చూడ్డానికి జంకుతాం. యునెస్కో 2021లో ఈ పూజను తన జాబితాలో చేర్చింది. దాంతో రద్దీ ఇంకా పెరిగింది, అదొక తలనొప్పి. సప్తమి నుంచి నవమి దాకా రాత్రిళ్లు అడుగు తీసి అడుగు వేయలేం. తదియ, చవితి నాటికే చాలా పందిళ్లు తెరిచేస్తారు. అప్పుడు వెళ్లి అష్టమి లోపు తిరిగొచ్చేస్తే సిరిమానుకు ఇంట్లోనే ఉంటావు.

కొత్తవలస రైలు:
వంశధార గారు అసలు విషయం పట్టుకున్నారు. ఈ గొడవంతా తేదీలు చూసుకోకపోవడం వల్ల వచ్చింది. సిరిమాను విజయదశమి నాడు కాదు, దాని తర్వాత వచ్చే మంగళవారం. 2025లో దశమి అక్టోబరు 2 గురువారం, సిరిమాను 7న. మధ్యలో ఖాళీ ఉంది కదా.

నా ఓటు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ దసరాకి. అది జరిగే జగదల్‌పూర్ మనకు పరాయి ఊరేం కాదు. కేకే (కొత్తవలస-కిరండూల్) రైలు లైను మొదలయ్యేదే మా కొత్తవలసలో. విజయనగరంలోనే ఎక్కాలంటే పార్వతీపురం, రాయగడ మీదుగా హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఈ దసరా 75 రోజులు సాగుతుంది. రాముడూ లేడు, రావణుణ్ణి కాల్చడమూ లేదు, అంతా దంతేశ్వరి అమ్మవారిదే. రథం ఏ ఊరివాళ్లు కట్టాలన్నది తరతరాలుగా ఖాయం. దశమి రాత్రి ఆ రథాన్ని అడవి ఊళ్ల జనం దొంగిలించి కుమ్హడాకోట్‌కు లాక్కుపోతారు. మర్నాడు రాజవంశీకుడు అక్కడికి వెళ్లి, వాళ్లతో కలిసి కొత్తబియ్యం అన్నం తిని, బతిమాలి రథాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఊళ్ల పెద్దలు తమ గోడు చెప్పుకునే మురియా దర్బారు. 2025లో అది అక్టోబరు 4న జరిగింది. చూసుకుని బయల్దేరితే 6న, సిరిమాను ముందురోజు తొలేళ్లకి విజయనగరంలో దిగిపోవచ్చు.

హుకుంపేట కుర్రోడు:
నీకు కలిసొచ్చిన ఏడాది చెప్పావు. 2024లో దసరా 12న, సిరిమాను 15న. మూడు రోజుల్లో జగదల్‌పూర్ నుంచి ఏం చూసి వస్తావు? సగం చూసి సగం వదిలేసి పరిగెత్తడానికా?

కొత్తవలస రైలు:
అలాంటి ఏడాది వెళ్లొద్దు. క్యాలెండర్లున్నది అందుకే కదా.

రాజాం అప్ప:
మగవాళ్లందరూ రైళ్లు, తేదీలు అంటున్నారు. డెబ్బై దాటిన అమ్మతోనూ, చిన్నపిల్లలతోనూ వెళ్లేవాళ్ల సంగతి కూడా ఆలోచించండి. 2025 జనవరి 29న ప్రయాగ కుంభమేళాలో మౌని అమావాస్య తొక్కిసలాట చూశాం. తర్వాత నెలలో ఢిల్లీ స్టేషన్లో మళ్లీ అదే. అయినా దూరం వెళ్తేనే ప్రమాదం అని కాదు, అదే ఏడాది నవంబరు 1న ఏకాదశి నాడు మన కాశీబుగ్గ గుడిలో ఏం జరిగిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. కాబట్టి నేనడిగే మొదటి ప్రశ్న ఏ పండుగ గొప్పదని కాదు, లోపలికి వెళ్లే దారి, బయటికి వచ్చే దారి వేరువేరుగా ఉన్నాయా అని. సంగమ స్నానమే కావాలంటే ప్రయాగలో ఏటా మాఘమేళా జరుగుతుంది. అదే సంగమం, అదే ఇసుక, కుంభమేళా అంత జనం ఉండరు. పర్వస్నానాల రోజులు తప్పించుకుని మామూలు రోజున వెళ్లొచ్చు. అమ్మని అలాగే తీసుకెళ్లాను. నీళ్లలో తనంతట తనే దిగింది. చేయి పట్టుకుంటే విదిలించుకుంది కూడా.

ఇచ్ఛాపురం బోర్డర్:
అప్ప చెప్పింది పూరీకి కూడా పనికొస్తుంది. రథయాత్ర రోజే పూరీ వెళ్లాలనుకోవడం మన పిచ్చి. ఆ రోజు మనకు కనబడేది ముందున్నవాళ్ల వీపులు. జగన్నాథుడి నందిఘోషకు 16 చక్రాలు, బలభద్రుడి తాళధ్వజానికి 14, సుభద్ర దర్పదళనానికి 12 అని పుస్తకంలో చదువుకోవడమే గానీ, ఆ గుంపులో నిలబడి ఎవరు లెక్కపెడతారు? అక్షయ తదియ నాడు రథాలు కట్టడం మొదలవుతుంది. మనవాళ్లందరూ సింహాచలం చందనోత్సవానికి పోయే రోజది. తర్వాత ఏ వారమైనా పూరీ వెళ్తే పెద్దవీధిలో రాజుగారి భవనం ముందర వడ్రంగులు పని చేస్తూ కనబడతారు. పూర్తికాని చక్రం నిలబెట్టి ఉంటుంది, దాని పక్కన కూర్చుంటే మన తల అంచుదాకా కూడా రాదు. పండుగ రోజులే కావాలంటే రథాలు తిరిగొచ్చాక, ఏకాదశి నాడు సింహద్వారం ముందు బంగారు వేషం చూడొచ్చు. దేవుళ్లు రథాల మీదే కదలకుండా ఉంటారు కాబట్టి ఎంతో కొంత కనబడుతుంది. జనం మాత్రం అప్పుడూ బాగానే ఉంటారు, అప్ప గారు అమ్మను తేవొద్దు.

ఇంకో మాట. ఇక్కడ ఎవరూ బరంపురం పేరెత్తలేదు. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఊరు. రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర. బుఢీ ఠాకురాణిని దేరా సాలెవాళ్ల కులపెద్ద ఇంటి ఆడపిల్లగా పుట్టింటికి పిలుచుకొస్తారు. వాళ్లు తెలుగు మూలాలవాళ్లే. మొక్కు తీర్చుకోవడానికి జనం పులివేషం, దేవుడి వేషం, ఏదంటే అది వేసుకుని వీధుల్లో తిరుగుతారు. ఒకే సాయంత్రం అని లేదు, రోజుల తరబడి నడుస్తుంది కాబట్టి తొక్కుకోనక్కర్లేదు.

బొబ్బిలి వీణ:
ఆడపడుచు మాట వచ్చింది కాబట్టి... పైడితల్లి విజయనగరం రాజులు పూసపాటివారి ఆడపడుచు, 1757 బొబ్బిలి యుద్ధం వద్దని అన్నకు చెప్పింది, ఆయన వినలేదు, పోయాడు. విజయనగరంలో ఇది కన్నీళ్లతో చెప్పుకుంటారు. మా బొబ్బిలిలో అదే కథ ఇంకో గొంతుతో ఉంటుందని మీకు తెలుసు. అయినా మేం సిరిమానుకు వస్తాం. ఏటా రాం.

ప్రశ్నకు జవాబు: త్రిసూర్ పూరం. చూడటానికి కాదు, వినడానికి. ఏనుగుల మీద గొడుగులు మార్చే పోటీ ఫొటోల్లో అందరూ చూసిందే. దానికి ముందు వడక్కునాథన్ గుడి ఆవరణలో ఇలంజితర మేళం అనే డోళ్లు, కొమ్ముల వాద్యగోష్ఠి ఉంటుంది. రెండు వందలకు పైగా కళాకారులు. మొదట్లో కాలం నిదానంగా ఉంటుంది, విసుగు కూడా పుడుతుంది. తర్వాత మెట్టు మెట్టు వేగం పెరుగుతుంది, మనకు తెలీకుండానే చుట్టూ ఉన్నవాళ్లతో పాటు మన చేతులూ గాల్లోకి లేస్తాయి. వీణ ఊళ్లో పుట్టినవాడికి చెండ (కేరళ డోలు) మొరటు అనిపించాలి. అనిపించలేదు. ఏప్రిల్-మే ఎండ మాత్రం చంపేస్తుంది, బాణసంచా తెల్లవారుజామున, నిద్ర ఉండదు.

వంశధార:
నాగాలాండ్ హార్న్‌బిల్ పండుగ గురించి ఎవరైనా చెప్తారనుకున్నాను. డిసెంబరు 1 నుంచి 10 దాకా, కొహిమా దగ్గర కిసామాలో. మా అబ్బాయి వెళ్లాలంటున్నాడు.

హుకుంపేట కుర్రోడు:
అది 2000లో ప్రభుత్వం మొదలుపెట్టింది. టూరిస్టుల కోసం పెట్టిన ఎగ్జిబిషన్‌ని పండుగంటే ఎలా?

ఇచ్ఛాపురం బోర్డర్:
సిరిమాను వారంలో వేదిక కట్టి, సినిమావాళ్లను పిలిచి పెట్టే విజయనగరం ఉత్సవాలు ఎవరివి నాయనా? అవీ సర్కారువే. ప్రభుత్వం పెట్టినంత మాత్రాన చెడిపోదు. హార్న్‌బిల్‌లో ఒక్కో తెగకు ఒక్కో మోరుంగ్ (కుర్రాళ్లు కలిసి ఉండే సంప్రదాయ ఇల్లు) కడతారు, ఆ పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడనిస్తే మాట్లాడొచ్చు. పదిహేనుకు పైగా తెగల్ని ఒక్క కొండమీద చూడ్డానికి వేరే దారి లేదు. అలాకాక ఊళ్లో జరిగేదే కావాలంటే అంగామీ తెగ సెక్రెనీ ఫిబ్రవరిలో, ఆవో తెగ మోవాత్సు మేలో. వంశధార గారూ, నాగాలాండ్‌లోకి వెళ్లడానికి ఇన్నర్ లైన్ పర్మిట్ అనే అనుమతి తప్పనిసరి, అబ్బాయికి ముందే తీసుకోమనండి.

వల పట్టినోడు:
ఇన్ని ఊళ్ల పేర్లు చదివాను. మాది బెస్తల ఇల్లు. పెద్దచెరువులోంచి అమ్మవారిని తీసినప్పుడు మావాళ్లు సాయపడ్డారని, అందుకే సిరిమాను ముందు వల నడుస్తుందని మా పెద్దలు చెబుతారు. ఆ రోజు మాకు పని ఉంది. చూడ్డం గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోం. నిజానికి వల పట్టుకుని నడిచేవాడికి వెనకున్న మాను సరిగ్గా కనబడదు కూడా. కోట జంక్షన్ గారు, మీకు సిరిమానులో ఏదైనా పని ఉందా? ఉంటే మానకండి. లేకపోతే ఇక్కడైనా, కోల్‌కతాలోనైనా మీరు చూసిపోయేవాళ్లే. రెండు చోట్లా ఒకటే. వెళ్లండి, తప్పులేదు.

హుకుంపేట కుర్రోడు:
వలబాబాయ్, అలాగంటావేటి! రోడ్డు మీద నిలబడి దణ్ణం పెట్టేవాడిది పని కాదా?

వల పట్టినోడు:
పనే. అది పక్కనున్నవాడు చేసినా జరిగిపోతుంది. నా చేతిలో వల ఇంకోడికి ఇవ్వలేను.

కొత్తవలస రైలు:
దీనికి నేనొప్పుకోను. చూసిపోయేవాడికి కూడా ఒక లాభం ఉంది. పూరీలో గజపతి రాజు రథం మీద చీపురు పట్టి ఊడుస్తాడు. బస్తర్లో రాజు అడవికి పోయి అన్నం తింటాడు. ఇవి చూసొచ్చాక మన కోట బురుజు మీద రాజకుటుంబం కూర్చుని, సిరిమాను తమ ముందుకు వచ్చి వంగడాన్ని చూస్తుంటే నాకు కొత్తగా అనిపించింది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మన దగ్గర రాజు కదలడు, చెల్లెలే పుట్టింటి గుమ్మం దాకా వస్తుంది, మూడుసార్లు. ఎందుకలా అని ఇక్కడే ఉండిపోయుంటే అడిగేవాణ్ణి కాదు. జవాబు ఇప్పటికీ తెలీదు, అది వేరే సంగతి.

బొబ్బిలి వీణ:
అన్న మాట వినలేదు కాబట్టి మళ్లీ మళ్లీ చెప్పడానికి వస్తోందేమో!

రాజాం అప్ప:
మీరంతా దసరా దగ్గరే ఆగిపోయారు. ఆయన భార్యది శ్రీకాకుళం అన్నాడు. రథసప్తమికి అరసవల్లి ఎవరికీ గుర్తురాలేదు. 2025 నుంచి రాష్ట్ర పండుగ. అర్ధరాత్రి నుంచి క్షీరాభిషేకం, నిజరూప దర్శనం. అత్తారింటి ఊరి పండుగకు కూడా సెలవు దొరకదా బాబూ?

కోట జంక్షన్:
అందరికీ థాంక్స్. అప్ప అడిగినదానికి సమాధానం లేదు, దొరకదు. వలబాబాయ్ మాట చదివి అమ్మని అడిగాను, మనకు సిరిమానులో పనేముందని. "తొలేళ్ల నాడు అమ్మవారి వనంగుడికి చీర పట్టుకెళ్లేది ఎవర్రా?" అంది. కాబట్టి సోమవారం నాటికి ఇంట్లో ఉండాలి, అది ఖాయం. ముందు నాలుగు రోజులు మిగులుతాయి. తేదీలు కలిసిన ఏడాది జగదల్‌పూర్ వెళ్లి, అక్కణ్ణుంచి నేరుగా విజయనగరం. కేకే లైను మీద వెళ్లి, హీరాఖండ్‌లో తిరిగొద్దామనుకుంటున్నాను.

వంశధార:
మీ ఆవిడ కోల్‌కతా అంది, పూరీ అంది, త్రిసూర్ అంది. జగదల్‌పూర్ ఎక్కడా అనలేదు. ఆవిడనడిగావా?

కోట జంక్షన్:
ఇంకా లేదు.

కొత్తవలస రైలు:
అడిగి బేగి చెప్పు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఇంకోటి, వానలు ఆగకపోతే కేకే లైను మీద కొండరాళ్లు పడి రైళ్లు ఆగిపోతుంటాయి. వెళ్లడం కూడా రాయగడ మీదుగానే పెట్టుకో.